తల దించుకున్న కుర్రాడూ, మన ఆరో తరగతీ

జపాన్ నడిమధ్యన గిఫు ప్రిఫెక్చర్‌లో ఓగాకి అనే ఊరుంది. నేలలోంచి ఉబికే నీటి ఊటలకు పేరున్న ఊరు. ఆ ఊరి పోలికతో అల్లిన ఒక కథలో, ఆరో తరగతి చదివే ఇషిదా షోయా అనే కుర్రాడు, కొత్తగా చేరిన నిషిమియా షోకో అనే అమ్మాయిని నెలల తరబడి ఏడిపిస్తాడు. ఆ పిల్లకు సరిగా వినపడదు. ఆమె చెవి మిషన్లు లాగి పారేయడం అతనికి ఒక ఆట. ఐదు నెలల్లో ఎనిమిది మిషన్లు పోవడమో పాడవడమో జరిగిందనీ, వాటి ఖరీదు 17 లక్షల యెన్లనీ లెక్క తేలాక హెడ్‌మాస్టరు తరగతిలోకి వచ్చి నిలదీస్తాడు.

ఓయిమా యోషితోకి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, ‘కోఎ నో కతాచి’ మొదటి అధ్యాయాలు ఇలా నడుస్తాయి. ‘గొంతు ఆకారం’ అని ఆ పేరుకు అర్థం. మన దగ్గర చాలామందికి అది ‘ఎ సైలెంట్ వాయిస్’ అన్న ఇంగ్లీషు పేరుతో, 2016లో క్యోటో యానిమేషన్ తీసిన సినిమాగా తెలుసు. ఓగాకి ఎక్కడుందో తెలియనివాళ్ళు, సంజ్ఞా భాష ఒక్క ముక్క రానివాళ్ళు, ఎవరి చెవిలోంచీ ఏదీ లాగి ఎరగనివాళ్ళు కూడా దాన్ని చూసి ‘అచ్చం నా కథే’ అంటారు. అనిమే (జపాన్ యానిమేషన్) అభిమానుల్లో ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, దాన్ని పట్టుకుని ‘అదెలా?’ అని అడిగేవాళ్ళు కనపడరు. అడగాల్సిన ప్రశ్నే. ఎవరిదో జీవితం, ఎక్కడిదో ఊరు, చేతకాని భాష. నీ కథ ఎలా అయింది?

పాత్రకూ మనకూ పోలికలుంటే కథ మనసుకు పడుతుందని సులువుగా అనేసుకుంటాం. ఆ లెక్క కుదరదు. కిషిమోతో మసాషి గీసిన ‘నరుటో’ 1999 నుంచి 2014 దాకా సాగి 700 అధ్యాయాలైంది. అందులో కుర్రాడి కడుపులో తొమ్మిది తోకల నక్క బందీగా ఉంటుంది. అలాంటి బాధ పడ్డ పాఠకుడు భూమ్మీద ఒక్కడూ లేడు. అయినా ఆ కథ పేరెత్తగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక ఉయ్యాల. పరీక్ష పాసైన పిల్లల్ని అమ్మానాన్నలు మెచ్చుకుంటూ ఉంటే, తప్పిన పిల్లాడు చెట్టుకు వేలాడే ఉయ్యాల మీద ఒక్కడే కూర్చుని దూరం నుంచి చూస్తుంటాడు. ఫలితాలు వచ్చిన రోజు ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రానివాళ్ళెవరికైనా ఆ ఉయ్యాల తెలుసు. కష్టం మనది కాకపోయినా ఫర్వాలేదు. కష్టంలో ఉన్నవాడు కూర్చున్న చోటు మనకు తెలిసినదైతే చాలు. నక్కని తర్వాత నెమ్మదిగా నమ్ముతాం.

మన అలంకారికులు ఈ చిక్కుని ఎప్పుడో పట్టుకున్నారు. నాటకం చూసి కళ్ళు తుడుచుకునేవాడు ఎవరి దుఃఖానికి ఏడుస్తున్నట్టు? రాముడిదా, రాముడి వేషం కట్టినవాడిదా, తనదా? భట్టనాయకుడు దీనికి సాధారణీకరణం అని పేరు పెట్టాడు. దుఃఖానికి అంటించి ఉన్న ‘ఫలానావాడిది’ అనే చీటీ ఊడిపోతుందన్నమాట. 14వ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఇంకా సూటిగా చెప్పాడు: రసం అనుభవించే వేళ పరాయిది, పరాయిది కాదు, నాది, నాది కాదు అనే గీతలు ఉండవని. మాంగా చదువుతున్నవాడి స్థితిని ఇంతకన్నా పొందికగా చెప్పడం కష్టం.

ఒక్క తేడా మాత్రం ఉంది. విశ్వనాథుడు చెప్పిన సహృదయుడు, అంటే రసం తెలిసిన ప్రేక్షకుడు, ‘నాది’ అన్నదాన్ని కూడా వదిలేసుకుంటాడు. అనిమే అభిమాని అదొక్కటీ వదలడు. టీషర్టు మీద వేయించుకుంటాడు, ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకుంటాడు. దీనికి ఒక కారణం చదివే తీరు. నాటకం సభలో పదిమందితో కూర్చుని చూసేది. ఇది రాత్రి దుప్పట్లో ఫోన్ వెలుగులో ఒంటరిగా చదివేది. రెండో కారణం బొమ్మలోనే ఉంది. ఆ బొమ్మలో సగం పని చదివేవాడితో చేయిస్తారు.

అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో బొమ్మల కథల గురించి బొమ్మల్లోనే ఒక పుస్తకం వేశాడు. అందులో ఒక ముచ్చట ఉంది. ఫొటోలాంటి ముఖం చూస్తే అందులో ఇంకొకరు కనిపిస్తారు; రెండు చుక్కలూ ఒక గీతా ఉన్న ముఖంలో మనం కనిపిస్తాం. మన ముఖం మనకు కనపడదు కదా. మాట్లాడుతున్నంతసేపూ ‘ఇప్పుడు నవ్వుతున్నాను, ఇప్పుడు మొహం మాడ్చుకున్నాను’ అని లీలగా తెలుస్తూ ఉంటుంది, అంతే. కార్టూన్ ముఖం ఆ లీలకు దగ్గర. జపాన్ చిత్రకారులు చాలామంది ముఖాన్ని ఇలా ఖాళీగా ఉంచి, దాని వెనకున్న రైలు స్టేషన్నీ కరెంటు తీగల్నీ వంతెన కమ్మీల్నీ మాత్రం ఒక్కటీ వదలకుండా గీస్తారు. ప్రపంచం నిండుగా ఉంటుంది, దాన్ని చూసేవాడు పల్చగా ఉంటాడు. ఆ పల్చని చోట్లోకి మనం దూరిపోతాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ గుండ్రటి, తేలిక బొమ్మను జపాన్‌లో ఇంటింటికీ చేర్చినవాడు తెజుకా ఒసాము. డాక్టరీ చదివిన మనిషి. 1952లో మొదలైన అతని ‘ఆటమ్’ కథ నిజానికి చాలా కర్కశమైనది. కారు ప్రమాదంలో కొడుకు పోయిన శాస్త్రవేత్త, అదే పోలికతో ఒక మరమనిషిని చేసుకుంటాడు. ఏళ్ళు గడిచినా ఆ పిల్లాడు ఎత్తు పెరగడం లేదని గమనించి సర్కస్‌కి అమ్మేస్తాడు. పిల్లల బొమ్మలాంటి బొమ్మలో ఇంత మాట చెప్పవచ్చని తేలిపోయాక, వెనక వచ్చినవాళ్ళకు దారి దొరికింది.

ముఖం ఒక ఖాళీ అయితే, గడికీ గడికీ మధ్య ఉండే తెల్లటి సందు ఇంకో ఖాళీ. ఒక గడిలో చెయ్యి లేచి ఉంటుంది, పక్క గడిలో చెంప కంది ఉంటుంది. కొట్టింది ఎవరు? గీసినవాడు గీయలేదు. చదివినవాడే కొట్టాడు. మాంగాలో ఈ సందుల్ని ఇంకో పనికి కూడా వాడతారు: కథ ముందుకు కదలకుండా వాన చినుకు, గుమ్మం దగ్గర చెప్పులు, ఫ్యాను రెక్క, మళ్ళీ వాన. ఆ నాలుగు గళ్ళూ ఏ సంగతీ చెప్పవు, ఆ గదిలో కాసేపు కూర్చోబెడతాయంతే. మన చందమామ బొమ్మల దారి వేరు. వడ్డాది పాపయ్య రంగులూ, శంకర్ గీసిన విక్రమార్కుడూ నిండు బొమ్మలు, చూసి మురిసిపోయే బొమ్మలు. శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ రాజును చూసి జడుసుకున్న పిల్లలు ఎందరో ఉంటారు గానీ, ఆ రాజు తామేననుకున్నవాళ్ళు తక్కువే. ఆయన మీసం ఆయనదే, కత్తి ఆయనదే, మనకు చోటు లేదు. అది లోపం కాదు, ఆ బొమ్మల పని అది కాదు.

మళ్ళీ ఓగాకికి.

ఓయిమా 1989లో పుట్టింది. సొంతూరు ఓగాకియే. వాళ్ళమ్మ సంజ్ఞా భాష దుభాషి. 2008లో, ఇంకా ఇరవై నిండకుండానే, ఈ కథని చిన్న రూపంలో కొత్త చిత్రకారుల పోటీకి పంపి బహుమతి తెచ్చుకుంది. బహుమతి ఇచ్చారు గానీ అచ్చు వెయ్యలేదు. వినపడని పిల్లని తోటి పిల్లలు హింసించే కథ వేస్తే ఎటు పోయి ఎటు వస్తుందోనని సంపాదకుల భయం. లాయర్లతో మాట్లాడుకుని, జపాన్ బధిరుల సమాఖ్యకు చూపించుకుని, చివరికి 2011లో వేశారు. ఆ తర్వాత ‘వీక్లీ షోనెన్ మ్యాగజీన్’లో 2013 ఆగస్టు నుంచి 2014 నవంబరు దాకా సీరియల్‌గా వచ్చి ఏడు సంపుటాలైంది.

2013 అన్న ఏడాది ఊరికే చెప్పింది కాదు. ఓత్సు నగరంలో వేధింపులు తట్టుకోలేక ఒక బడి పిల్లాడు 2011లో ప్రాణం తీసుకున్నాక దేశమంతా గగ్గోలెత్తి, 2013లో జపాన్ బడుల్లో వేధింపుల నివారణకు చట్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో తొత్తోరి ప్రిఫెక్చర్ సంజ్ఞా భాషను ఒక భాషగా గుర్తిస్తూ ఆ దేశంలో మొట్టమొదటి స్థానిక శాసనం తెచ్చింది. జపాన్ పాఠకులు ఈ కథని వారం వారం చదివింది ఆ వేడిలో. బయటి దేశాలవాళ్ళకు ఈ నేపథ్యం ఏదీ తెలియదు. తెలియకపోయినా కథ పట్టుకుందంటే, పట్టుకున్న చెయ్యి వేరే.

అదేమిటో హైస్కూలు భాగంలో కనపడుతుంది. ఆరో తరగతిలో అందరూ కలిసి చేసిన పనికి ఇషిదా ఒక్కడి మీద నేరం పడుతుంది. అతను ఒప్పుకునేలోపే టీచరు ముందు వేలు చూపిస్తాడు, వెంటనే స్నేహితులందరూ ‘వాడే, వాడే’ అంటారు. నిన్నటిదాకా ఏడిపించినవాడు రేపట్నుంచి ఏడవాల్సినవాడు అవుతాడు. హైస్కూలు మూడో ఏడాదికి వచ్చేసరికి ఎవరి ముఖంలోకీ చూడలేడు. దీన్ని ఓయిమా వర్ణించదు. అతని చుట్టూ ఉన్న ప్రతి ముఖం మీదా పెద్ద ఇంటూ మార్కు వేసేస్తుంది, తప్పు లెక్కని మాస్టారు కొట్టేసినట్టు.

అనిమే, మాంగాల్లో ఒంటరితనం గురించి వచ్చిన ఉపాయాల్లో ఇంత తేలికైనదీ ఇంత లోతుగా దిగేదీ అరుదు. ‘ఇషిదా ఒంటరివాడు’ అని చెబితే జాలిపడి ఊరుకుంటాం. ఇంటూ మార్కు వేశాక జాలిపడే తీరిక ఉండదు, ఎందుకంటే ఆ ముఖాలు మనక్కూడా కనపడవు. వెనక బెంచీలో నవ్వు వినపడుతుంది. ఎవరు నవ్వారు? దేనికి? తెలియదు. నన్ను చూసేనేమో అన్న అతని టెన్షన్ మన ఒంట్లోకి దిగుతుంది. ఎవరితోనైనా చెడి, మర్నాడు అదే ఆఫీసుకో అదే పెళ్ళికో వెళ్ళాల్సి వచ్చి, కళ్ళెత్తకుండా ప్లేటు వంక చూస్తూ తిన్నవాళ్ళకు ఈ ఇంటూ మార్కుని ఎవరూ వివరించక్కర్లేదు. తర్వాత నాగత్సుకా అనే బొద్దు కుర్రాడితో ఒక సైకిల్ గొడవ దగ్గర స్నేహం కుదిరినప్పుడు, అతని ముఖం మీది మార్కు ఊడి కాగితం ముక్కలా కింద పడుతుంది. ఆ బొమ్మ దగ్గర ఊపిరి పీల్చుకున్నామంటే అప్పటిదాకా బిగబట్టి ఉన్నామనే.

సినిమాగా తీసిన యమాదా నావోకో దీనికి తన పద్ధతి జోడించింది. పాత్రల కాళ్ళతో నటింపజేయడం ఆమెకు ముందు నుంచీ ఉన్న అలవాటు; ఇక్కడ ఆ అలవాటుకు సరైన చోటు దొరికింది. తల దించుకున్నవాడికి కనపడేవి కాళ్ళూ బూట్లూ నేలే కాబట్టి కెమెరా కూడా అక్కడే ఉంటుంది. సంగీతం చేసిన ఉషియో కెన్సుకే పియానో లోపలే మైకులు పెట్టి రికార్డు చేశాడు. స్వరంతో పాటు లోపలి సుత్తుల కదలిక, చెక్క కిర్రుమనడం, మెత్తటి రాపిడి అన్నీ వినిపిస్తాయి. శుభ్రమైన సంగీతం కావాలనుకునేవాళ్ళకి ఇది చికాకు. చెవి మిషన్ పెట్టుకున్న మనిషికి మాటా చప్పుడూ కలగలిసి ఒకే గోలగా చేరుతుందన్న సంగతి తెలిస్తే, ఆ చికాకు దేనికో అర్థమవుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఒంటరితనం గురించి. ఒంటరితనం మీద కథలకు కొదవలేదు. ఈ కథ మనసులో ముల్లులా దిగడానికి అసలు కారణం వేరే చోట ఉంది. తెలుగులో మనం దాన్ని బాగా దాచుకున్నాం, ఒక మాట వెనక.

జపాన్‌లో బడి వేధింపులకు ‘ఇజిమె’ అని మాట ఉంది. ఆ మాట వినగానే అది నేరం అని తెలుస్తుంది. మనం ‘ఏడిపించడం’ అంటాం. మరదల్ని ఏడిపించడం, మనవణ్ణి తాతయ్య ఏడిపించడం, పళ్ళు ఎత్తుగా ఉన్న పిల్లని తరగతంతా కలిసి ఏడిపించడం, అన్నిటికీ ఒకే మాట. ‘ఊరికే ఏడిపించాంలే’ అనేస్తే ముద్దుకీ హింసకీ మధ్య గోడ ఉండదు. నత్తి ఉన్నవాడికీ, కాలు ఈడ్చేవాడికీ, మెల్లకన్ను పిల్లకీ మన బడులు పెట్టిన పేర్లు పదో తరగతి దాటినా వాళ్ళని వదలవు. పెట్టినవాళ్ళకు మాత్రం గుర్తుండదు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలిచి నవ్వే ఎమోజీ పెట్టేవాళ్ళుంటారు.

ఇషిదా తరగతిలో కవాయి అని ఒక అమ్మాయి ఉంది. కళ్ళజోడు, రెండు జడలు, మంచి మార్కులు. ఆమె నిషిమియాని ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. పక్కన నిలబడి నవ్వింది. తగవు వచ్చిన రోజు ‘నేనేం చెయ్యలేదు’ అని ఏడ్చింది. ఏళ్ళ తర్వాత కూడా నిజంగానే తానేం చెయ్యలేదనే నమ్ముతుంది. కథలో పాఠకులు అందరికన్నా ఎక్కువ తిట్టుకునే పాత్రల్లో ఆమె ఒకతి. అంత కోపం దేనికో కొంచెం ఆలోచిస్తే ఇబ్బందిగా ఉంటుంది. ‘ఇది నా కథే’ అనేవాళ్ళు తమని ఇషిదాగానో నిషిమియాగానో చూసుకుంటారు. ఒకటి పశ్చాత్తాపపడ్డ పాపి, ఇంకొకటి నిర్దోషి. రెండూ గౌరవమైన స్థానాలే. నిజానికి నలభైమంది ఉన్న తరగతిలో లాగేవాడు ఒకడు, ఏడ్చేది ఒకతి. మిగిలిన ముప్పై ఎనిమిదిమందీ కవాయిలే. ఆ కోపం అద్దం మీద కోపం.

ఇషిదా పశ్చాత్తాపం ఎలా ఉంటుందో చెప్పే దృశ్యం సినిమా మొదట్లోనే ఉంది. అతను పార్ట్‌టైమ్ పనులు చేసి, వస్తువులు అమ్మి, సరిగ్గా ఆ 17 లక్షల యెన్లూ కూడబెడతాడు. నిద్రపోతున్న అమ్మ తలగడ పక్కన పెట్టేసి చావడానికి వంతెన మీదికి వెళ్తాడు. అప్పు తీర్చేసి పోదామన్న లెక్క. చావలేక తిరిగొస్తాడు. మంగలి షాపు నడుపుకునే ఆ అమ్మ మర్నాడు టిఫిన్ పెడుతూ, ఇంకెప్పుడూ అలాంటి పని చెయ్యనని ఒట్టెయ్యకపోతే ఈ డబ్బు తగలబెడతానని బెదిరిస్తుంది. బెదిరించబోయి ఆ నోట్లకు నిజంగానే నిప్పంటించేస్తుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన ప్రాయశ్చిత్తం ఒక్క నిమిషంలో పొగైపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియని ఈ ఘట్టం లేకపోతే, కథ సులువుగా నీతి పాఠమై ఉండేది.

భాష దగ్గర ఒక సంగతి తెలుగువాళ్ళు తప్పక ఆగి చూడాల్సింది. నిషిమియా సైగలతో కాకుండా గొంతుతో ఇషిదాకు ప్రేమ చెప్పాలనుకుంటుంది. జపనీస్‌లో ‘సుకి’ అంటే ఇష్టం. ఆమె గొంతులోంచి వచ్చిన ముక్క అతని చెవికి ‘త్సుకి’లా తోస్తుంది. త్సుకి అంటే చంద్రుడు. ఆకాశం వైపు చూసి ‘అవును, బాగుంది’ అంటాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో ఈ రెండు మాటల పోలిక ఎగిరిపోతుంది. తెలుగు చెవికి మాత్రం త్సుకి కొత్త కాదు. ‘చుక్క’, ‘చాలు’, ‘చూపు’ అన్నప్పుడు నాలుక పలికేది ఆ త్స శబ్దమే. పాత పుస్తకాల్లో ‘ౘ’ అని దానికి ప్రత్యేకంగా అక్షరం కూడా ఉండేది. అక్కడ త్సుకి చంద్రుడు, ఇక్కడ ౘుక్క నక్షత్రం. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయమే. కానీ ఆ పిల్ల నాలుక ఎక్కడ జారిందో మనకు ఒంట్లో తెలుస్తుంది.

చుట్టరికం అంటే గుర్తొచ్చింది. జపనీస్ అనిమే ఇంగ్లీషులో చూసినప్పటికన్నా తెలుగులో చూస్తే దగ్గరగా అనిపించడానికి ఒక గట్టి కారణం వరసలు. ఆని, ఒతోతో, ఆనె, ఇమోతో: అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. నాలుగుకు నాలుగూ సరిపోతాయి. ఇంగ్లీషులో బ్రదర్, సిస్టర్ అని రెండే, పెద్దా చిన్నా తేడా లేదు. నిషిమియాకి యుజురు అని చెల్లెలుంది. మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుని, అక్కను కాపాడ్డానికి బడి మానేసి తిరుగుతుంది. చచ్చిపోయిన పురుగుల్నీ జంతువుల్నీ ఫొటోలు తీసి ఇంట్లో గోడల నిండా అంటిస్తుంది. చావు ఇలా ఉంటుంది అని చూసైనా అక్క చావాలనుకోకుండా ఉంటుందని. ‘చెల్లెలు అక్కను కాస్తోంది’ అన్న తలకిందుల వరస ఇంగ్లీషులో చెప్పాలంటే వివరించాలి, తెలుగులో ఆ రెండు మాటలే చాలు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకు వచ్చింది. చెల్లెల్ని మళ్ళీ మనిషిని చెయ్యడం కోసం అన్న చేసే యుద్ధమే ఆ మొత్తం కథ. అలాంటి కథను మనకు పరిచయం చెయ్యాల్సిన పనే లేదు.

‘నాది’ అన్న భావం ముదిరితే ఏమవుతుందో కూడా చూడాలి. 1995 అక్టోబరులో మొదలై టీవీలో 26 భాగాలు వచ్చిన ‘ఇవాంజెలియన్’ దానికి ఉదాహరణ. తీసిన అన్నో హిదెయాకి, నాలుగేళ్ళపాటు ఏమీ చెయ్యలేకపోయిన విరిగిన మనిషిగా తనని తాను చెప్పుకుని ఆ పనికి దిగాడు. రాక్షస యంత్రాల కథ అనుకుని కూర్చున్నవాళ్ళకు, తండ్రి ముఖం చాటేసిన 14 ఏళ్ళ షింజి కనిపించాడు. దగ్గరైతే ముళ్ళు గుచ్చుకుంటాయి, దూరమైతే చలేస్తుంది అనే ముళ్ళపందుల చిక్కు ఒక భాగానికి పేరే అయింది. జనం షింజిలో తమని చూసుకున్నారు. ఎంతగా అంటే, చివరి రెండు భాగాలు యుద్ధం వదిలేసి అతని బుర్రలోకి వెళ్ళిపోతే తమ సొత్తు ఎవరో పాడుచేసినట్టు మండిపడ్డారు. బెదిరింపులు కూడా వెళ్ళాయి. 1997లో ముగింపుగా తీసిన సినిమాలో అన్నో ఆ బెదిరింపుల్ని తెర మీద చూపించాడు, ఖాళీ ముఖాల బొమ్మల మధ్యలో అచ్చమైన థియేటరు, కుర్చీల్లో కూర్చున్న నిజం ప్రేక్షకులతో సహా. మీరు దూరిన ఖాళీ ఇదిగో అని చెప్పినట్టుంటుంది. సున్నితంగా చెప్పాడని ఎవరూ అనలేరు.

‘కోఎ నో కతాచి’కి అలాంటి గొడవ రాలేదు గానీ, అందులోనూ ఈ ‘నాది’ వల్ల వచ్చిన నష్టం ఒకటుంది. ఖాళీ ముఖం ఇషిదాది కాబట్టి మనం ఇషిదాలోకే దూరతాం. నిషిమియా బయట ఉండిపోతుంది. కొట్టినా నవ్వుతుంది, తిట్టినా క్షమించమంటుంది. అతని బల్ల మీద ఎవరో రాసిన రాతల్ని పొద్దున్నే వచ్చి తుడిచింది ఆమేనని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. సినిమాలో ఆమె మంచితనం చాలాచోట్ల అతని మనసు మారడానికి పనికొచ్చే సామానులా ఉంటుంది. ఆమెకు కోపం ఎందుకు రాదు? వస్తే ఎవరి మీద? వికలాంగులను కథల్లో పెట్టేటప్పుడు జరిగే పాత పొరపాటే ఇది, ఎంత ప్రేమగా గీసినా. వినపడనివాళ్ళు ‘ఇది నా కథే’ అని అంత తేలిగ్గా అనగలరా అన్నది న్యాయమైన అనుమానం. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని రోజుకోసారి అనే భాషలో బతుకుతున్న మనకి ఆ అనుమానం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ సామెతలో కష్టం ఎప్పుడూ శంఖం ఊదినవాడిదే.

ఓయిమాకు ఈ లోటు తెలుసనిపిస్తుంది. మాంగా చివరి భాగంలో కొన్ని అధ్యాయాలు ఒక్కొక్క పాత్ర వైపు నుంచి నడుస్తాయి, అందులో ఒకటి నిషిమియాది. ఆ అధ్యాయంలో బుడగల్లో మాటలున్నాయి గానీ అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. తెలుగు పేజీలో ఒత్తులూ గుణింతాలూ ఊడిపోయి, తలకట్లు మాత్రం మిగిలితే ఎలా ఉంటుందో అలా. పెదాల కదలికని బట్టీ, పక్క మాటని బట్టీ ఊహించి చదువుకోవాలి. కొన్ని ఎంత చూసినా అర్థం కావు. ఐదు సంపుటాలకు పైగా ఆమెను బయట నుంచి చూస్తూ జాలిపడ్డ పాఠకుడు, మొదటిసారి ఆమె రోజంతా పడే చాకిరీని కాసేపు తానూ చేస్తాడు. సినిమాలో ఈ ప్రయోగం లేదు. రెండు గంటల్లో ఏడు సంపుటాలు ఇమడ్చాలంటే ఏదో ఒకటి పోవాలి. పోయినవాటిలో ఇదే పెద్దది.

సినిమా ముగింపు అందరికీ తెలుసు. బడి ఉత్సవంలో ఇషిదా తలెత్తుతాడు, ఇంటూ మార్కులన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి, అప్పటిదాకా మూసుకుపోయిన చెవులు తెరుచుకున్నట్టు మనుషుల మాటలు వినపడతాయి, ఏడుస్తాడు. బాగుంటుంది, కొంచెం ఎక్కువ బాగుంటుంది.

మాంగా అక్కడ ఆగదు. రెండేళ్ళు గడుస్తాయి. జపాన్‌లో యుక్తవయసుకు వచ్చినవాళ్ళకు ఊరు చేసే వేడుక రోజున, అందరూ మంచి బట్టలు వేసుకుని వస్తారు. అదే రోజు పాత బడి స్నేహితుల కలయిక కూడా. ఇషిదా, నిషిమియా ఒక మూసిన తలుపు ముందు నిలబడతారు. లోపల ఆరో తరగతి ఉంది: పక్కన నిలబడి నవ్వినవాళ్ళు, ‘వాడే’ అని వేలు చూపినవాళ్ళు, అన్నీ మర్చిపోయినవాళ్ళు. అతను ఆమె చెయ్యి పట్టుకుని తలుపు తోస్తాడు. లోపల ఎవరి ముఖం ఎలా ఉందో ఓయిమా గీయలేదు.